బ్రెయిన్ ట్యూమర్లకు వైద్యం చేస్తూ ల్యాబ్ కూడా నడపడం ఒక్కరికి సాధ్యమేనా?

ఎంబీబీఎస్ మూడో ఏడాదిలో ఉన్న మీ తమ్ముడు బ్రెయిన్ ట్యూమర్ల డాక్టరునవుతాను, పరిశోధనా చేస్తాను అంటున్నాడని, అది అయ్యే పనేనా అని అడిగారు. అయ్యే పనే. నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో న్యూరాలజీ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణ), ఆ పైన న్యూరో ఆంకాలజీ, అంటే మెదడు, నరాల క్యాన్సర్ల వైద్యంలో ఫెలోషిప్ చేశాను. ఇప్పుడు ఇక్కడే వారానికి ఒక రోజు క్లినిక్, మిగతా రోజులు ల్యాబ్. అది కాగితం మీద లెక్క. పేషెంట్ల ఫోన్లు మాత్రం వారమంతా వస్తూనే ఉంటాయి.

పొద్దున పేషెంట్‌ని చూసి, సాయంత్రం ఆ జబ్బుకే మందు వెతుకుతామని బయటివాళ్లు అనుకుంటారు. ఈ రెండు పనులూ ఒకే వేగంతో నడవవు, అసలు కష్టం అక్కడే. వేగంగా పెరిగే బ్రెయిన్ క్యాన్సర్ గ్లియోబ్లాస్టోమానే తీసుకోండి. 2005లో ఫలితాలు వచ్చిన, స్టుప్ అనే డాక్టర్ నడిపిన ట్రయల్‌లో (పేషెంట్ల మీద చికిత్సలను పోల్చి చూసే పరీక్ష) ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం 12.1 నెలలు, దానికి టెమోజోలమైడ్ అనే కీమో మందు కలిపితే 14.6 నెలలు. రెండేళ్లు దాటి బతికినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. పెద్ద విషయమే. ఇన్నేళ్ల తర్వాత కూడా మేము మొదలుపెట్టేది దాంతోనే. అదే ట్రయల్‌లో పాల్గొన్నవాళ్ల ట్యూమర్ ముక్కలు దాచిపెట్టి పరీక్షిస్తే, ఎంజీఎంటీ అనే జన్యువు మూగబోయినవాళ్లకే ఈ మందు ఎక్కువ పని చేస్తోందని మోనికా హెగి బృందం చూపించింది. క్లినిక్‌నీ ల్యాబ్‌నీ కలిపితే ఏం వస్తుందో మీ తమ్ముడికి చెప్పాలంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రెండోది ఐడీహెచ్ జన్యువు కథ. గ్లియోమాల్లో (గ్లియోబ్లాస్టోమా కూడా చేరే మెదడు ట్యూమర్ల కుటుంబం) ఆ జన్యువులో వచ్చే మార్పు 2008లో బయటపడింది. దాని ప్రభావాన్ని అడ్డుకునే వోరాసిడెనిబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 2024లో. మధ్యలో పదహారేళ్లు! అదీ నెమ్మదిగా పెరిగే గ్రేడ్ 2 రకాలకు. మా దగ్గర ఆపరేషన్ థియేటర్ నుంచి ఐస్ మీద వచ్చిన ట్యూమర్ ముక్క ల్యాబ్ ప్లేటులో పెరగాలి, తర్వాత ఎలుకలో పెరగాలి, ఆ తర్వాతే మందు పరీక్ష. చాలాసార్లు ఫలితం వచ్చేసరికి ఆ ముక్క ఇచ్చిన మనిషి ఉండరు. మీ తమ్ముడు దీన్ని తట్టుకోగలడా లేదా అన్నది మార్కుల్ని బట్టి తెలిసేది కాదు.

క్లినిక్‌లో టెన్షన్ ఎక్కువగా స్కాన్ రోజునే. రేడియేషన్ అయిన మొదటి కొన్ని నెలల్లో ఎంఆర్ఐలో మచ్చ పెద్దదైనట్టు కనిపిస్తుంది. అది ట్యూమర్ పెరగడమో, చికిత్స వల్ల వచ్చిన వాపో ఆ రోజు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కుటుంబం మన ముఖమే చూస్తుంటుంది. మన తెలుగువాళ్లయితే గది బయటే ఆపేసి, "నాన్నకి మాత్రం చెప్పకండి డాక్టర్ గారూ" అంటారు. ఇక్కడ అమెరికాలో పేషెంట్ తెలుసుకోవాలనుకుంటే దాచడం కుదరదు. అందుకే ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు ఆ పెద్దాయన్నే అడుగుతాను. చాలామందికి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది, పిల్లలు బాధపడతారని వాళ్లే బయటపడరు.

ఇక దారి సంగతి. అమెరికాలో ఎండీ, పీహెచ్‌డీ కలిపి చేయించే ప్రభుత్వ నిధుల కోర్సుల్లో దాదాపు అన్ని సీట్లూ ఇక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మనవాళ్లు రెసిడెన్సీ తర్వాత పోస్ట్‌డాక్ (ఒక సీనియర్ ల్యాబ్‌లో కొన్నేళ్ల పరిశోధన) చేసి ఈ దారిలోకి వస్తారు. పరిశోధన మొదలుపెట్టే డాక్టర్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే కే08 అనే గ్రాంట్ వస్తే మీ సమయంలో కనీసం 75 శాతం పరిశోధనకే కేటాయించాలి, సర్జన్లకు కొంత సడలింపు ఉంది. దానికీ సాధారణంగా పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు. జే1 అనే శిక్షణ వీసా మీద వస్తే, శిక్షణ అయ్యాక నిబంధన ప్రకారం స్వదేశానికి వెళ్లకుండా ఉండటానికి ఎక్కువమంది ఎంచుకునేది డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్ల ఉద్యోగం. ఆ మూడేళ్లూ ల్యాబ్ దాదాపు మర్చిపోవాల్సిందే. చాలామంది మంచి పరిశోధకులు మళ్లీ ల్యాబ్‌కి రాకుండా పోయేది ఇక్కడే, నా ఉద్దేశంలో తెలివి తక్కువై కాదు.

ఇండియాలోనే చేయాలనుకుంటే అదేమీ తక్కువ దారి కాదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో, ముంబై టాటా మెమోరియల్‌లో, దాని పరిశోధన విభాగం యాక్ట్రెక్‌లో ట్యూమర్ల మీద గట్టి పని జరుగుతోంది. హైదరాబాద్‌లో ఆఫీసున్న, పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ అనే సంస్థ డాక్టర్ల పరిశోధనకే ప్రత్యేకంగా ఫెలోషిప్‌లు ఇస్తూ వచ్చింది. పేషెంట్ల రద్దీలో పరిశోధనకు సమయం దక్కించుకోవడమే అక్కడి పోరాటం. కాబట్టి ఉద్యోగంలో చేరేముందు వారానికి ఎన్ని రోజులు ల్యాబ్‌కిస్తారో కాగితం మీద రాయించుకోవాలి.

మూడో ఏడాదిలోనే ఏదీ తేల్చుకోనక్కర్లేదు. వచ్చే సెలవుల్లో దగ్గర్లోని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో ట్యూమర్ బోర్డు (వేర్వేరు స్పెషలిస్టులు కలిసి ఒక్కో కేసు చర్చించే) మీటింగుకి రానిస్తారేమో అడగమనండి. సర్జన్, రేడియేషన్ డాక్టర్, పాథాలజిస్ట్ ఒకే స్కాన్ ముందు కూర్చుని వాదించుకుంటుంటే, వీళ్లలో ఎవరి పని చేయాలనిపిస్తోందో అతనికే తెలుస్తుంది. వెళ్లొచ్చాక ఏమన్నాడో ఇక్కడే రాయండి, మిగతా సందేహాలు అప్పుడు చూద్దాం.