డైలాగ్ బాక్స్ తెరిస్తే సొంత కీప్యాడ్ ఎందుకు పనిచేయదు? నేను పడ్డ తిప్పలు, కుదిరిన మార్గం

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది: ట్యాబ్లెట్‌లో నడిచే వెబ్ యాప్ కోసం మీరే అంకెల కీప్యాడ్ తయారుచేసుకున్నారు. మామూలు పేజీలో బాగానే ఉంది. డైలాగ్ బాక్స్ తెరవగానే మాత్రం కీలు కళ్లముందే ఉన్నా, నొక్కితే చలనం లేదు. ఏది పైన కనబడాలో చెప్పే జెడ్-ఇండెక్స్ ఎంత పెంచినా లాభం లేదు. నేనూ సరిగ్గా ఇక్కడే రెండు రోజులు ఇరుక్కుపోయాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జెడ్-ఇండెక్స్ సంగతి వదిలేయండి, తప్పు అక్కడ లేదు. హెచ్‌టీఎంఎల్‌లోని డైలాగ్ ఎలిమెంట్‌ని షోమోడల్ అనే మెథడ్‌తో తెరిస్తే బ్రౌజర్ దాన్ని టాప్ లేయర్ అనే వేరే పొరలోకి ఎక్కిస్తుంది. పేజీలోని ఏ జెడ్-ఇండెక్స్ విలువా ఆ పొరను దాటలేదు. పైగా డైలాగ్ బయట ఉన్నదంతా ఇనర్ట్ అయిపోతుంది, అంటే అక్కడ టచ్ పనిచేయదు, ఫోకస్ (టైప్ చేసేది ఎక్కడ పడాలో ఆ గురి) వెళ్లదు. మీ కీప్యాడ్ ఆ బయట ఉండిపోయింది. కనబడుతున్నా నొక్కడానికి లేనట్టే.

కాబట్టి కీప్యాడ్ డైలాగ్ లోపలే ఉండాలి. ప్రతి డైలాగ్‌కీ ఒక కీప్యాడ్ రాయనక్కర్లేదు. నేను ఒక్కటే పెట్టుకుని, డైలాగ్ తెరిచే ముందు అపెండ్‌చైల్డ్ అనే మెథడ్‌తో దాన్ని లోపలికి మారుస్తాను. డైలాగ్ మూసుకుందని చెప్పే క్లోజ్ ఈవెంట్ రాగానే తిరిగి పాత చోటికి పంపుతాను. షోమోడల్ బదులు, బయటిదాన్ని ఇనర్ట్ చేయని షో మెథడ్ వాడితే బయటి కీలు పనిచేస్తాయి కదా అని కొందరు అంటారు. నిజమే, కానీ అప్పుడు వెనకాల పేజీ కూడా టచ్‌కి అందుతుంది. డైలాగ్ తెరిచి ఉండగా వెనక బటన్ మీద చెయ్యి పడితే ఏమవుతుందో ఊహించండి. నేనైతే ఆ దారి పట్టను.

కీప్యాడ్‌ని లోపలికి మార్చాక నాకు ఇంకో వింత ఎదురైంది. పరిమాణం అడిగే డైలాగ్‌లో 25 వేయబోయి 2 నొక్కాను, డైలాగ్ మూసుకుపోయింది. మళ్లీ తెరిచి 5 నొక్కాను, మళ్లీ మూసుకుపోయింది. డైలాగ్‌లోని ఫామ్‌కి మెథడ్ డైలాగ్ అని ఇచ్చి ఉన్నాను, అంటే ఫామ్ సబ్‌మిట్ అవగానే డైలాగ్ మూసుకుంటుంది. కీప్యాడ్‌ని ఆ ఫామ్ లోపలే పెట్టడంతో, టైప్ రాయని నా కీలన్నీ సబ్‌మిట్ బటన్లు అయిపోయాయి. ఫామ్‌లో ఉన్న బటన్‌కి టైప్ చెప్పకపోతే అది సబ్‌మిట్ కిందే లెక్క. ప్రతి కీకీ టైప్ బటన్ అని రాశాక సరిపోయింది. మీ కీలకి ఉందో లేదో ఇప్పుడే ఒకసారి చూసుకోండి.

తర్వాతిది ఫోకస్. కీ నొక్కగానే ఫోకస్ ఇన్‌పుట్ నుంచి ఆ కీకి వెళ్లిపోతుంది, కర్సర్ మాయమవుతుంది, అంకె ఏ గడిలో వేయాలో కోడ్‌కి తెలియదు. కీప్యాడ్ మీద మౌస్‌డౌన్ ఈవెంట్‌ని ప్రివెంట్‌డీఫాల్ట్‌తో (బ్రౌజర్ తనంతట చేసే పనిని ఆపే పిలుపు) ఆపితే ఫోకస్ ఇన్‌పుట్‌లోనే నిలుస్తుంది, క్లిక్ మాత్రం యథాప్రకారం వస్తుంది. పొరపాటున, వేలు తగలగానే వచ్చే టచ్‌స్టార్ట్‌ని ఆపారంటే ఆ క్లిక్ కూడా రాదు.

సిస్టమ్ కీబోర్డు పైకి లేవకుండా ఉండాలంటే ఇన్‌పుట్ గడికి ఇన్‌పుట్‌మోడ్ నన్ అని ఇవ్వండి. గడిని చదవడానికే పరిమితం చేసే రీడ్‌ఓన్లీ పెట్టే పాత చిట్కా కన్నా ఇది నయం. రీడ్‌ఓన్లీ గడికి బ్రౌజర్ చేసే తనిఖీ వర్తించదు, ఖాళీగా వదిలేసినా ఊరుకుంటుంది. ఇన్‌పుట్ టైప్ కూడా నంబర్ కాకుండా టెక్స్ట్ ఉంచండి. నంబర్ గడిలో కర్సర్ ఎక్కడుందో చెప్పే సెలెక్షన్‌స్టార్ట్ నల్ ఇస్తుంది, సెట్‌రేంజ్‌టెక్స్ట్ ఎర్రర్ కొడుతుంది. టెక్స్ట్ గడిలో అదే సెట్‌రేంజ్‌టెక్స్ట్‌తో కర్సర్ ఉన్న చోటే అంకె పడుతుంది, మధ్యలో దిద్దుకోవచ్చు. విలువ మార్చాక ఇన్‌పుట్ ఈవెంట్‌ని, బబుల్స్ ట్రూతో (అంటే పై ఎలిమెంట్లకీ చేరేలా), మీరే పంపాలి. లేకపోతే గడిలో 25 కనబడుతున్నా, మొత్తం లెక్కగట్టే కోడ్‌కి ఆ సంగతి తెలియదు.

గడిలో ఎన్ని అక్షరాలు పట్టాలో చెప్పే మాక్స్‌లెంగ్త్‌ని నమ్మకండి. అది మనిషి స్వయంగా టైప్ చేసినప్పుడే అడ్డుకుంటుంది, స్క్రిప్ట్ వేసే అంకెల్ని ఆపదు. పొడవు మీరే చూసుకోవాలి. అలాగే మీ కీప్యాడ్‌లోని ఓకే కీ నుంచి ఫామ్ పంపాలంటే సబ్‌మిట్ కాకుండా రిక్వెస్ట్‌సబ్‌మిట్ పిలవండి, తనిఖీలు జరిగేది దానితోనే.

డైలాగ్ బయట తాకితే మూసుకునేలా పెట్టి ఉంటే ఇంకో జాగ్రత్త. చాలామంది ఈవెంట్ టార్గెట్ (తాకిన ఎలిమెంట్) డైలాగే అయితే మూసెయ్ అని రాస్తారు. లోపలి ప్యాడింగ్ మీద వేలు పడినా టార్గెట్ డైలాగే అవుతుంది, టైప్ చేస్తుండగానే పెట్టె పోతుంది. లోపలిదంతా ఒక డివ్‌లో చుట్టి, ప్యాడింగ్ ఆ డివ్‌కే ఇవ్వండి. డైలాగ్ తెరుచుకునే యానిమేషన్‌లో ట్రాన్స్‌ఫామ్ ఉంటే స్క్రీన్ అడుగున ఫిక్స్‌డ్‌గా పెట్టిన కీప్యాడ్ డైలాగ్‌కి అతుక్కుని జారిపోతుంది. నాకు యానిమేషన్ తీసేయడమే తేలికనిపించింది.

కీల సైజు 48 పిక్సెళ్ల కన్నా తగ్గించకండి. టచ్-యాక్షన్ మానిప్యులేషన్ కూడా పెట్టండి. 00 వేయాలని వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే పేజీ జూమ్ అవడం దానితో ఆగుతుంది.

డైలాగ్ ఎలిమెంట్ కాకుండా జావాస్క్రిప్ట్ ప్రాంప్ట్ బాక్స్ వాడుతుంటే మాత్రం ఇవేవీ పనికిరావు. అది బ్రౌజర్ సొంత పెట్టె, తెరిచి ఉన్నంతసేపూ మీ స్క్రిప్ట్ ఆగిపోతుంది. దాన్ని డైలాగ్ ఎలిమెంట్‌తో మార్చుకోక తప్పదు. సఫారీలో 15.4, ఫైర్‌ఫాక్స్‌లో 98 వెర్షన్ నుంచి, అంటే 2022 మార్చి నుంచే ఈ ఎలిమెంట్ ఉంది కాబట్టి ట్యాబ్లెట్ పాతదైతే ముందు వెర్షన్ చూడండి.

ఆండ్రాయిడ్ నేటివ్ యాప్ అయినా కిటుకు ఇదే. అక్కడ డైలాగ్‌కి సొంత విండో ఉంటుంది, యాక్టివిటీలోని (అంటే యాప్ అసలు స్క్రీన్‌లోని) కీప్యాడ్ దాని వెనక పడిపోతుంది. డైలాగ్ లేఅవుట్‌లోనే కీప్యాడ్ పెట్టి, సిస్టమ్ కీబోర్డు లేవకుండా ఎడిట్‌టెక్స్ట్‌కి (అక్కడ టైప్ చేసే గడి) సెట్‌షోసాఫ్ట్‌ఇన్‌పుట్‌ఆన్‌ఫోకస్ ఫాల్స్ ఇవ్వండి. ఆండ్రాయిడ్ 5.0 నుంచి అది ఉంది.

ఇవన్నీ చేశాకా కీలు కదలకపోతే, డైలాగ్ తెరిచి ఉండగా బ్రౌజర్‌లోని డెవ్‌టూల్స్‌లో (పేజీ లోపలి నిర్మాణం చూపించే పరికరాలు) కీప్యాడ్ ఏ ఎలిమెంట్ కింద ఉందో చూసి ఇక్కడ రాయండి.