మెష్ నెబ్యులైజర్ మాటిమాటికీ మూసుకుపోతుంటే: మా అమ్మ మెషిన్‌తో నేర్చుకున్నవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మియాపూర్‌లో ఉండే మీ నాన్నగారికి ఆస్తమా. చేతిలో పట్టుకునే చిన్న మెష్ నెబ్యులైజర్ (ద్రవ మందును జల్లెడ లాంటి రేకు గుండా సన్నటి పొగలా మార్చి పీల్పించే మెషిన్) కొని ఆరు వారాలు కూడా కాలేదు. అప్పుడే పొగ సన్నబడింది, అదీ ఒక పక్క నుంచే వస్తోంది. మీ స్నేహితుడేమో సన్న సూదితో గుచ్చి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయమన్నాడు. అతని వేప్ పెన్ను, అంటే ఈ-సిగరెట్, మూసుకుపోయినప్పుడు అలాగే బాగుపడిందట.

ముందు ఆ రెండూ చేయకండి. వేప్ పెన్నులో అడ్డుపడేది చిక్కటి నూనె లాంటి ద్రవం. చల్లబడితే ఇంకా చిక్కబడుతుంది, వేడి తగిలితే పలచబడి జారిపోతుంది. (ఆ పెన్నుల అమ్మకం మన దేశంలో 2019 నుంచే నిషేధం, ఆ సంగతి వదిలేద్దాం.) నెబ్యులైజర్‌లో అడ్డుపడేది నూనె కాదు. ఎండిపోయిన మందు, సెలైన్‌లోని ఉప్పు, మన నీళ్ళలోని సున్నం. వేడి గాలి కొడితే అవి ఇంకా గట్టిగా అంటుకుపోతాయి. ఇక సూది సంగతి. మెష్ అంటే పలచటి లోహపు రేకు. దానికి వెయ్యికి పైగా రంధ్రాలుంటాయి, ఒక్కోటి మూడు నుంచి ఆరు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. వెంట్రుకే దూరని చోట సూది ఏం దూరుతుంది? రేకు చిరుగుతుంది, అంతే. ఇయర్‌బడ్, టూత్‌బ్రష్, వేలికొస కూడా దానికి తగలకూడదు.

మెషిన్ బాగుచేసే పద్ధతి చెప్పేముందు ఒక విషయం చెప్పాలి. మా ఇంట్లో ఆలస్యంగా తెలుసుకున్నాం కాబట్టి మీకు ముందే చెబుతున్నాను.

మా అమ్మకు 68 ఏళ్ళు. జనగామ దగ్గర పల్లెలో ముప్పై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండింది. ఆ పొగ వల్లే ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు గారు చెప్పారు. సీఓపీడీ అంటారు, మా ఊళ్ళో మాత్రం దమ్ము అంటారు. మౌలాలిలో మా దగ్గరికి తెచ్చుకున్నాక మీరు కొన్నలాంటి చిన్న మెషినే కొన్నాం. సంక్రాంతి ముందు ఒక చలి రాత్రి, రెండింటికి, అమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఛాతీలో పిల్లికూతలు గది బయటికి వినిపిస్తున్నాయి. మందు పోసి మాస్కు పెట్టాను. లైటు వెలిగింది, సన్నగా పొగ కూడా కనిపించింది. మందు లోపలికి పోతోందనే నమ్మాను. పది నిమిషాలు, ఇరవై, ఇరవై ఐదు. అమ్మ ఒక మాట పూర్తిగా అనలేకపోతోంది. అనుమానమొచ్చి కప్పు తెరిచి చూస్తే పోసిన మందు దాదాపు అలాగే ఉంది. 108కి ఫోన్ చేశాం. వాళ్ళు వచ్చి ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్ళారు, నాలుగు రోజులకు అమ్మ ఇంటికొచ్చింది.

పూర్తిగా ఆగిపోయిన మెషిన్ అయితే ఆ రాత్రి రెండో నిమిషంలోనే వేరే దారి చూసుకునేదాన్ని. సగం మూసుకుపోయిన మెషిన్ మనల్ని నమ్మించి కూర్చోబెడుతుంది. అందుకే మీ నాన్నగారి మెషిన్ ఇప్పుడున్న స్థితిలో దాని మీద ఒక్క రాత్రి కూడా ఆధారపడకండి. డాక్టరు గారు రాసిన రిలీవర్ ఇన్‌హేలర్ (ఆయాసాన్ని త్వరగా తగ్గించేది), దానికి బిగించి పీల్చే గొట్టం లాంటి స్పేసర్ ఈరోజే చేతికందే చోట పెట్టండి. ఆయాసం మరీ తీవ్రంగా లేనప్పుడు స్పేసర్‌తో తీసుకున్న ఇన్‌హేలర్ నెబ్యులైజర్‌కు ఏమాత్రం తీసిపోదు. ఎన్ని పఫ్‌లు, ఎంత గ్యాప్‌తో అన్నది డాక్టరు గారి చేత కాగితం మీద రాయించుకుని గోడకు అంటించండి. వాక్యం పూర్తిచేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా మెషిన్ విప్పి చూస్తూ కూర్చోవద్దు, 108కి చేయండి.

ఇక మెషిన్ దగ్గరికి వద్దాం.

నిజంగా మూసుకుపోయిందో లేదో ముందు తేల్చుకోండి. చార్జింగ్ తగ్గినా, మెషిన్‌ను బాగా వంచి పట్టుకున్నా, మెష్ మీద గాలి బుడగ నిలిచినా పొగ తగ్గుతుంది. కప్పును మెల్లగా తట్టి, మందు మెష్‌ను తాకేలా పట్టుకుని చూడండి. మెషిన్‌కూ కప్పుకూ మధ్య మెరిసే చిన్న లోహపు బిళ్ళలుంటాయి. వాటి మీద తడి ఆరి తెల్లగా పొర కట్టినా కరెంటు సరిగా అందదు. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఇవన్నీ అయ్యాక ఒక మిల్లీలీటరు సెలైన్ పోసి, వెనక నల్లగుడ్డ పెట్టి, పక్క నుంచి టార్చ్ వేసి చూడండి. బాగున్న మెష్ నుంచి పొగ నిండుగా, తిన్నగా దూసుకొస్తుంది. ఒక పక్కకు వాలినా, మధ్యలో ఖాళీ కనిపించినా, పొగ బదులు బొట్లు కారినా అడ్డుపడినట్టే.

అయితే నేను కంటికంటే గడియారాన్నే ఎక్కువ నమ్ముతాను. మెష్ కొత్తగా ఉన్నప్పుడు ఒక రెస్ప్యూల్ (ఒక్కసారికి సరిపడే మందుండే చిన్న ప్లాస్టిక్ గొట్టం) ఎన్ని నిమిషాల్లో అయిపోతోందో రాసుకోవాలి. అమ్మ మెషిన్‌లో రెండున్నర మిల్లీలీటర్ల మందు ఏడు నిమిషాల్లో అయ్యేది. ఫ్రిజ్ మీద ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి ప్రతిసారీ నిమిషాలు రాస్తున్నాం. తొమ్మిదికి చేరితే ఆ రోజే మెష్ నానబెడతాను. పన్నెండు దాటితే ఆ కప్పు వాడను. పొగలో తేడా కంటికి కనిపించడానికి చాలా ముందే నోట్‌బుక్ చెప్పేస్తుంది.

అడ్డు తీయడానికి మొదట తేలికైన పద్ధతి. కప్పు, మెష్ ఉన్న భాగం మాత్రమే విప్పండి. బ్యాటరీ ఉన్న భాగానికి నీళ్ళు తగలకూడదు. మెడికల్ షాపులో పది మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ ఆంప్యూల్స్‌లో స్టెరైల్ వాటర్, అంటే క్రిములు లేని నీళ్ళు, దొరుకుతుంది. దాన్ని గోరువెచ్చగా చేసి, మెష్ మునిగేలా ఓ పావుగంట ఉంచండి. ఎండిన మందు, ఉప్పు చాలావరకు ఇందులోనే కరుగుతాయి. తర్వాత ఆ నీళ్ళు పారబోసి, కొత్త స్టెరైల్ వాటర్ కప్పులో పోసి, మాస్కు తీసేసి, రెండు మూడు నిమిషాలు మెషిన్ నడపండి. మీ మోడల్‌లో క్లీనింగ్ మోడ్ ఉంటే ఇప్పుడు వాడండి.

దానికీ లొంగకపోతే అది సున్నం అనుకోవచ్చు. సున్నాన్ని నీళ్ళు కరిగించలేవు, పులుపు కరిగిస్తుంది. మెషిన్‌తో వచ్చిన కాగితంలో వెనిగర్ వాడొచ్చని ఉంటే, తెల్ల వెనిగర్ ఒక వంతు, స్టెరైల్ వాటర్ మూడు వంతులు కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టండి. ఆ తర్వాత రెండుసార్లు స్టెరైల్ వాటర్‌తో కడిగి, ఎవరూ పీల్చకుండా కిటికీ దగ్గర పెట్టి అదే రకం నీళ్ళతో కాసేపు నడపండి. వెనిగర్ వాసన పూర్తిగా పోయాకే మందు పోయాలి. వెనిగర్ సున్నాన్ని తీస్తుందే కానీ క్రిములను చంపడానికి దాన్ని నమ్ముకోలేం. దాన్ని బ్లీచింగ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్న ఇంట్లో అది ప్రాణాంతకం.

రెండుసార్లు వెనిగర్ పెట్టినా నిమిషాలు తగ్గకపోతే ఇక పోరాడకండి, మెష్ మార్చండి. అది అరిగిపోయే భాగమే, శాశ్వతంగా ఉండదు. కొనేటప్పుడే విడి మెష్ దొరుకుతుందో లేదో అడగాలి. నేను అడగలేదు. తీరా అవసరమైనప్పుడు కోఠిలో సర్జికల్ షాపులన్నీ తిరగాల్సొచ్చింది. ఇప్పుడు ఒకటి ఎప్పుడూ బీరువాలో ఉంటుంది.

మళ్ళీ మూసుకుపోకుండా ఉండాలంటే అసలు పని మాస్కు తీసిన మొదటి ఐదు నిమిషాల్లోనే ఉంది. మా తప్పంతా అక్కడే జరిగింది. రాత్రి మందు అయ్యాక అమ్మను పడుకోబెట్టి, మెషిన్ అలాగే టేబుల్ మీద వదిలేసేదాన్ని. పొద్దున ఫ్యాను కింద ఎండి, మెష్ మీద సన్నటి తెల్ల పొర కట్టేది. ఇప్పుడు మాస్కు తీయగానే మిగిలిన మందు పారబోసి, ఒకటి రెండు మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి ఒక నిమిషం నడుపుతాను. అమ్మ నోరు పుక్కిలించి ఉమ్మేలోపు అయిపోయే పని. తర్వాత కప్పు విప్పి, దులిపి, శుభ్రమైన గుడ్డ మీద బోర్లించి పైన ఇంకో గుడ్డ కప్పుతాను. గుడ్డతో లోపల తుడవను, పోగులు మెష్‌లో ఇరుక్కుంటాయి. క్రిములు పోవడానికి ఉడికించాలా, ద్రావణంలో నానబెట్టాలా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. కొన్ని మెష్‌లు మరిగే నీళ్ళకు పాడైపోతాయి, కాగితం చూడందే చేయకండి.

మీరు మియాపూర్ అన్నారు కాబట్టి నీళ్ళ గురించి అడుగుతున్నాను. మీ అపార్ట్‌మెంట్‌కు వచ్చేది బోరు నీళ్ళా, ట్యాంకరా? ఒక స్టీలు గ్లాసు కడిగి తుడవకుండా ఆరనిచ్చి చూడండి. తెల్ల మచ్చలు పడితే ఆ నీళ్ళు మెష్‌కు తగలకూడదు. బకెట్ అంచుకూ గీజర్ కాయిల్‌కూ పట్టే సున్నమే అక్కడా పడుతుంది. కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి కానీ నీళ్ళలోని ఉప్పులన్నీ పోవు. ఆర్‌ఓ నీళ్ళలో ఉప్పులు తక్కువే అయినా అవి స్టెరైల్ కావు. కారు బ్యాటరీకి పోసే నీళ్ళు వాడొచ్చా అని మా తమ్ముడు అడిగాడు. వద్దు, అవి ఊపిరితిత్తులకు తగిలే వస్తువుల కోసం చేసినవి కావు.

మందును బట్టి కూడా తేడా ఉంటుంది, దీని గురించి చాలామంది అడగరు. ఊపిరి గొట్టాలను వదులు చేసే లెవోసాల్‌బ్యుటమాల్ లాంటివి నీళ్ళలా తేటగా ఉంటాయి, మెష్‌ను పెద్దగా ఇబ్బంది పెట్టవు. వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు బుడెసొనైడ్ అలా కాదు. అది కరగదు, సన్నటి రేణువులుగా తేలుతుంటుంది. అందుకే రెస్ప్యూల్ తెల్లగా కనిపిస్తుంది, వాడేముందు మెల్లగా కదపమంటారు. ఆ రేణువులే మెష్ రంధ్రాల్లో చిక్కుతాయి. అమ్మకు రోజుకు రెండుసార్లు అదే రాశారు, మా మెష్ అంత త్వరగా పోవడానికి పెద్ద కారణం అదేనని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఇంట్లో బుడెసొనైడ్‌కు పాత పద్ధతి కంప్రెసర్ మెషిన్ (గాలి ఒత్తిడితో మందును తుంపర చేసేది) వాడుతున్నాం. చప్పుడెక్కువే, బరువూ ఎక్కువే, కానీ రేణువులున్న మందును అది తేలిగ్గా లాగేస్తుంది. చిన్నది ఊరికి వెళ్ళేటప్పుడు బ్యాగులో ఉంటుంది. డబ్బు పెట్టగలిగితే ఇలా రెండూ ఉంచుకోండి, ఒక్కటే అంటే ఇంటికి కంప్రెసరే మేలని నా అభిప్రాయం. దానికీ సేవ చేయాలి. గాలి ఫిల్టర్ బూడిద రంగుకు వస్తే కడగకుండా మార్చాలి. కడిగాక ట్యూబులో తేమ కనిపిస్తే, కప్పు తీసేసి ఉత్త ట్యూబుతో ఒక నిమిషం నడపాలి.

ఇంకొకటి. జలుబు చేసిందని ఆవిరి పట్టే క్యాప్సూల్ కోసి, లేదా నీలగిరి తైలం రెండు చుక్కలు నెబ్యులైజర్‌లో వేసేవాళ్ళను మా వీధిలోనే చూశాను. ప్రేమతో చేసేదే, కానీ చాలా ప్రమాదం. నూనె మెష్‌ను పాడుచేయడం అటుంచండి, సన్నటి తుంపరగా ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు. పీల్చడానికి డాక్టరు రాసిన మందు, స్టెరైల్ సెలైన్ తప్ప ఆ కప్పులో ఇంకేదీ పడకూడదు. ఇంట్లో మనవళ్ళను చూసుకునే పెద్దవాళ్ళుంటే వాళ్ళకూ చెప్పండి.

ఇన్‌హేలర్ కూడా మూసుకుపోతుంది. సాల్‌బ్యుటమాల్ రకాల్లో అయితే వారానికోసారి లోహపు డబ్బా బయటికి తీసి, ప్లాస్టిక్ భాగాన్ని మాత్రం గోరువెచ్చని నీళ్ళ ధార కింద అరనిమిషం కడిగి, రాత్రంతా ఆరనివ్వాలి. డబ్బా తడవకూడదు. మళ్ళీ బిగించాక ఒకటి రెండుసార్లు గాల్లోకి కొట్టి చూడాలి. స్పేసర్‌ను సబ్బు నీళ్ళలో ముంచి తీసి అలాగే ఆరబెట్టండి. గుడ్డతో రుద్దితే లోపల స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

మీ నాన్నగారి రెస్ప్యూల్స్ మీద ఏం పేరుందో, మందు తేటగా ఉందో తెల్లగా ఉందో చూసి ఇక్కడ రాయండి. రేపు పొద్దున మెష్ నానబెట్టాక సెలైన్‌తో ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా చెప్పండి. ఆ రెండూ తెలిస్తే కొత్త మెష్ కొనాలా, మెషిన్ రకమే మార్చాలా అన్నది చెప్పగలను. ఈ రాత్రికి మాత్రం స్పేసర్ మంచం పక్కనే ఉంచండి.