లాయరు చెప్పిన ఆ ఒక్క మాట గురించి

అమ్మాయీ,

నీ నవల రాత్రి పూర్తి చేశాను. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో యాభై ఆరేళ్ల ఆ మనిషి, చిన్నప్పుడు తన మీద అఘాయిత్యం చేసిన ఫాదర్ ఫొటోను చర్చి గోడ మీద చూసి ఆగిపోయే పేజీ బాగా రాశావు. ఆ తర్వాతి అధ్యాయమే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

2020లో అతను లాయరు దగ్గరికి వెళ్తాడు. "ఫాదర్ చనిపోయాడు, కాలం దాటిపోయింది, ఏమీ చేయలేం" అంటాడు లాయరు. మిగతా నవలంతా ఆ మాట మీదే నిలబెట్టావు. ఆ మాట తప్పు.

న్యూయార్క్ రాష్ట్రం 2019లో చైల్డ్ విక్టిమ్స్ యాక్ట్ తెచ్చింది. ఎప్పుడో గడువు తీరిపోయిన సివిల్ దావాలు కూడా ఆ ఆగస్టు 14 నుంచి వేసుకోవచ్చంది, బాధితుడి వయసు ఎంతైనా సరే. ముందు ఒక్క ఏడాదే అన్నారు, తర్వాత 2021 ఆగస్టు 14 దాకా పెంచారు. పదివేలకు పైగా దావాలు పడ్డాయి. ఫాదర్ పోతేనేం, డయాసిస్ ఉంది కదా, ఆ ప్రాంతపు కేథలిక్ చర్చిలన్నిటినీ నడిపే బిషప్ సంస్థ! ఆయన సంగతి తెలిసి కూడా ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి బదిలీ చేసిందెవరు? దావా వాళ్ల మీద.

గాయం గురించి రాసేవాళ్లు కన్నీళ్ల కంటే ముందు కాగితాలు చూడాలని నేను ఎప్పటి నుంచో పోరుతున్నాను. నీ పాఠకుల్లో అలాంటి గాయం ఉన్నవాళ్లు ఉంటారు. నవల్లో లాయరు ఏమీ చేయలేం అంటే, వాళ్లు నిజం లాయరుకు ఫోన్ చేయడం మానేస్తారు.

నా తొలి కోర్టు కథలో వాయిదాలు, అఫిడవిట్లు అన్నీ కొట్టేసి, "పాఠకులకు ఏడుపు కావాలండీ" అన్నాడు ఒక వారపత్రిక ఎడిటరు. చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో, మధ్యాహ్నం తిండి మానుకుని, కోర్టు గుమాస్తాల పక్కన కూర్చుని నేర్చుకున్నవి అవి. అచ్చయిన ఆ కథను ఇప్పటికీ ఏ సంకలనంలోనూ వేయనివ్వను. ఇప్పటి అవార్డుల వాళ్లూ అంతే, నిస్సహాయంగా ముగిస్తేనే సాహిత్యమంటారు. వాళ్ల మాట నీ చెవిలో పడిందేమోనని నా భయం.

అలాగని పోలీసులు వచ్చి ఎవరినో పట్టుకుపోయినట్టు మార్చకు. గడువు తీరిన క్రిమినల్ కేసును కొత్త చట్టంతో మళ్లీ లేపడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది. అందుకే రాష్ట్రాలు సివిల్ దారి పట్టాయి. ఆ దారీ సాఫీగా లేదు. బఫెలో డయాసిస్ 2020 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అలా వేస్తే డయాసిస్ మీది దావాలు ఆగిపోతాయి. జ్యూరీ ముందు నిలబడాల్సిన మనిషి, కోర్టు పెట్టిన తేదీలోగా క్లెయిమ్ ఫారం నింపాలి. ఏ చర్చి, ఏ ఏడాది, ఏం జరిగింది, ఎవరికైనా చెప్పారా? ఆ చివరి ప్రశ్న దగ్గర నీ మనిషి పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చుంటాడో రాయి. వాళ్లమ్మకు చెప్పాడా? చెబితే ఆమె ఏమంది?

మేరీలాండ్ రాష్ట్రంలో ఇలాంటి దావాలకు కాలపరిమితి ఎత్తేసే చట్టం 2023 అక్టోబరు 1న అమల్లోకి రావాలి. అక్కడి బాల్టిమోర్ ఆర్చ్‌డయాసిస్, అంటే ఆర్చ్‌బిషప్ కింద నడిచే పెద్ద డయాసిస్, సెప్టెంబరు 29నే దివాలా కోర్టుకెక్కింది. రెండు రోజుల ముందు! ఇంతకంటే ఏం కల్పించగలం మనం?

అన్ని దారులూ మూసుకుపోవడమే నీకు కావాలంటే, ఆ మనిషి బాల్యాన్ని పక్కనున్న పెన్సిల్వేనియాకు మార్చు. అక్కడి గ్రాండ్ జ్యూరీ, అంటే నేరారోపణల మీద విచారణ జరిపే పౌరుల బృందం, 2018లో 300 మందికి పైగా ఫాదర్ల మీద ఆరోపణలు బయటపెట్టి, పాత బాధితులకు దావా వేసే అవకాశం ఇవ్వమంది. దానికోసం ఆ రాష్ట్ర రాజ్యాంగ సవరణ 2021లో ప్రజల ఓటుకు రావాల్సింది. ప్రభుత్వ కార్యాలయం వేయాల్సిన పత్రికా ప్రకటన వేయలేదు, సవరణ ఆగిపోయింది. అక్కడ డయాసిస్‌లు కొన్నాళ్లు పరిహార నిధులు నడిపాయి, డబ్బు తీసుకుంటే ఇక దావా వేయనని సంతకం పెట్టాలి. పెడతాడా నీవాడు?

ముందుమాట, పబ్లిషరు సంగతులు తర్వాత చూద్దాం. ముందు ఆ అధ్యాయం తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు.