పాత ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్ వేసుకోవాలి?

మీది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, మీ చదువుకీ, గుంటూరు మిర్చి యార్డులో మీ నాన్నగారి కమీషన్ లెక్కలకీ అదే ఆధారం అన్నారు. అయితే ముందు చూడాల్సింది ఏ లినక్స్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, రకాలు చాలా ఉన్నాయి) అన్నది కాదు, నాన్నగారు వాడే సాఫ్ట్‌వేర్ ఏమిటన్నది. ట్యాలీ విండోస్ కోసం చేసింది, లినక్స్‌లో నేరుగా నడవదు. విజయవాడ డీటీపీ సెంటర్లలో వాడే పేజ్‌మేకర్, అను ఫాంట్ల సంగతీ అంతే. ట్యాలీ తప్పదంటే విండోస్ తీసేయకండి, రెండూ పక్కపక్కన ఉంచుకోండి.

లెక్కలు ఎక్సెల్‌లోనే రాస్తుంటే, లినక్స్‌లో నడిచే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ సరిపోతుంది. అప్పుడు నేను చెప్పేది లినక్స్ మింట్, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న రకం. తేలిగ్గా నడుస్తుంది, విండోస్ అలవాటున్నవాళ్లకి మెనూ కొత్తగా అనిపించదు. ఫెడోరా అనే ఇంకో లినక్స్ మంచిదే గానీ ఒక్కో వెర్షన్‌కి అప్‌డేట్లు వచ్చేది సుమారు 13 నెలలే. ఇంటిల్లిపాదీ వాడే మెషీన్‌కి ఆ టెన్షన్ ఎందుకు? ఆర్చ్ అనే లినక్స్‌లో చాలావరకు మనమే అమర్చుకోవాలి, దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ముందు పెన్‌డ్రైవ్ నుంచే ఒక సాయంత్రమంతా నడిపి చూడండి. వైఫై, సౌండ్, ప్రింటర్, తెలుగు టైపింగ్ అన్నీ పనిచేస్తేనే, అదీ ఫైళ్లన్నీ వేరేచోట కాపీ చేసుకున్నాకే, ఇన్‌స్టాల్ చేయండి.