పేరు ఫ్రాన్స్‌కు పోయింది, బండి మనదే

ప్రశ్న: నాన్నగారి 1996 అంబాసిడర్‌ను నేనే నడుపుతున్నాను. ఆ బ్రాండ్‌ను విదేశీ కంపెనీకి అమ్మేశారని ఈమధ్యే తెలిసి మనసు చివుక్కుమంది. ఇక రిజిస్ట్రేషన్, విడిభాగాల సంగతేమిటి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: 2017 ఫిబ్రవరిలో ఆ వార్త చదివిన రోజు నాకూ అన్నం సహించలేదండీ. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ పేరును ట్రేడ్‌మార్కులతో సహా 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్‌లోని ప్యూజోకు అమ్మింది. ఉద్యోగుల, అప్పులవాళ్ల బకాయిలు తీర్చడానికని చెప్పారు. కార్మికులకు జీతాలు అందాలి, కాదనను. కానీ అంత పేరుకు అంతేనా అన్న కోపం నాకింకా తగ్గలేదు. పుట్టుక బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచే అయినా, 2014 మే దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన బండి అది. కలెక్టరుగారి కారూ అదే, పెళ్లికొడుకు కారూ అదే, రైల్వేస్టేషను ముందు టాక్సీ కూడా అదే. వెనక సీట్లో నలుగురం ఇరుక్కుని కూర్చున్నా మోకాళ్లకు చోటుండేది!

రిజిస్ట్రేషన్ గురించి టెన్షన్ వద్దు. చేతులు మారింది పేరు మాత్రమే, మీ ఆర్‌సీలో ఏమీ మారదు. పదిహేనేళ్లు దాటింది కనుక అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. అప్పుడు బండి ఫిట్‌నెస్ చూస్తారు.

ఇంజను సామాను పాత మెకానిక్‌ల దగ్గర ఇంకా దొరుకుతుంది. కష్టమల్లా గ్రిల్, బంపరు, లైట్ల చుట్టూ ఉండే క్రోమ్ రింగులతోనే. మంచివి కనబడితే బేరం కుదుర్చుకుని వెంటనే కొనేయండి.