‘చేయలేదు కదా?’ అని అడిగిన ఒక తల్లికి

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఒక్క ఏళ్లు. హైదరాబాద్‌లో బీటెక్ చివరి సంవత్సరం. స్నేహితుడి అద్దె ఫ్లాటులో పుట్టినరోజు వేడుక జరిగిన రాత్రి తనపై అత్యాచారం చేశాడని తోటి విద్యార్థిని కాలేజీ కమిటీకి, పోలీసులకు ఫిర్యాదు చేసింది. పద్దెనిమిది రోజులు జైల్లో ఉండి బెయిలుపై వచ్చాడు. ‘నువ్వు చేయలేదు కదా?’ అని అడిగితే ‘లేదమ్మా, తనూ ఇష్టపడింది’ అన్నాడు. మళ్లీ అడిగితే ‘తాగి ఉన్నాను, సరిగా గుర్తులేదు’ అన్నాడు. ఫోనులో ఉన్నవన్నీ తీసేయమని మావారు అంటున్నారు. పెద్దమనుషులతో అమ్మాయి ఇంటికి వెళ్దాం, అవసరమైతే పెళ్లి చేసేద్దాం అని మా బావగారు అంటున్నారు. నా తోటికోడలు ఆ అమ్మాయి ఫోటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఇంటర్ చదివే మా అమ్మాయి అన్నతో మాట్లాడడం మానేసింది. ఆ పిల్ల రెండుసార్లు మా ఇంటికి వచ్చింది, పులిహోర అడిగి మరీ పెట్టించుకుని తిన్నది. మావాడు అలాంటివాడు కాదు. అరిచి ఉంటే పక్క గదిలోవాళ్లకు వినిపించేది కదా? అయినా నాకు నిద్ర పట్టడం లేదు. నేనే ఆమెకు ఫోను చేసి మాట్లాడనా? వచ్చే నెలలో మా తమ్ముడి కూతురి పెళ్లి ఉంది. అబ్బాయిని తీసుకెళ్లాలా, వద్దా?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు:

అమ్మా, ముందు ఆ ఫోటో సంగతి చూడండి. ఈ ఉత్తరం మొత్తం చదవకముందే లేచి మీ తోటికోడలికి ఫోను చేయండి. అత్యాచారం ఫిర్యాదు చేసిన మహిళ ఎవరో నలుగురికీ తెలిసేలా పేరు గానీ ఫోటో గానీ బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. బంధువుల గ్రూపే అన్న మినహాయింపు అందులో లేదు. గ్రూపులోంచి తీయించండి, ఎవరెవరికి వెళ్లిందో కనుక్కోండి, జరిగింది జరిగినట్టు మీ లాయరుకు చెప్పండి. ‘మన పిల్లవాడి కోసమే కదా పెట్టాను’ అని ఆమె అంటే వాదనకు దిగకండి. ఫోటో పోయిందో లేదో చూసుకోండి చాలు.

రెండోది ఫోను. మీవారి భయం నాకు అర్థమవుతోంది. అయితే కేసు నడుస్తుండగా మెసేజీలు చెరిపేయడం సాక్ష్యాన్ని మాయం చేయడమే, అది మళ్లీ వేరే నేరం. ఆమె ఫోనులో అవే మెసేజీలు ఉంటాయి. మీ అబ్బాయి ఫోనులోవి మాత్రమే లేకపోతే కోర్టులో ఎలా కనిపిస్తుందో ఆయననే ఆలోచించమనండి. పైగా మీవాడు చెప్పేది నిజమైతే, దానికి ఆధారం కూడా బహుశా అందులోనే ఉంటుంది.

పెద్దమనుషుల రాయబారం గురించి నాకు మొహమాటం లేదు. వద్దు. బెయిలు ఉత్తర్వును ఒకసారి తెరిచి చదవండి. ఫిర్యాదు చేసినవారి జోలికి వెళ్లకూడదని ఇలాంటి కేసుల్లో సాధారణంగా షరతు ఉంటుంది. మీ బావగారు పది మందిని వెంటబెట్టుకుని వాళ్ల గుమ్మం ఎక్కితే బెదిరించారని ఫిర్యాదు వస్తుంది, పిల్లవాడు మళ్లీ లోపలికి వెళ్తాడు. ఇక పెళ్లి మాట. అత్యాచారం కేసు రాజీతో తెగేది కాదు. 2021లో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి కేసుల్లో పెళ్లి చేసుకోమనీ రాజీ పడమనీ న్యాయమూర్తులు సైతం సూచించకూడదని చెప్పింది. నిందితుడు బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలంటూ మధ్యప్రదేశ్ హైకోర్టు పెట్టిన బెయిలు షరతును ఆ తీర్పులోనే కొట్టివేసింది. న్యాయమూర్తికే వద్దన్న పనిని మీ బావగారు భుజాన వేసుకుంటున్నారు. చట్టాన్ని పక్కన పెట్టినా, తనను పాడుచేశాడని ఒక పిల్ల చెబుతున్న మనిషి చేతికే ఆమెను అప్పగించడం పరిష్కారమని మనవాళ్లకు ఎందుకు తోస్తుందో ముప్పై ఏళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని కూడా నాకు అంతుపట్టలేదు.

మీరు ఫోను చేయడం కూడా అంతే. మీ మనసులో ఏముందో నాకు తెలుసు. పులిహోర పెట్టిన చెయ్యి ఊరుకోలేకపోతోంది. కానీ అవతల ఫోనులో ఆమెకు వినిపించేది నిందితుడి తల్లి గొంతు. మీరు ‘ఎలా ఉన్నావమ్మా?’ అన్నా, ‘ఆలోచించుకో తల్లీ’ అన్నట్టే చెవిన పడుతుంది. ఆమెకు మీరు చేయగలిగిన మేలు ఒకటుంది. మీ ఇంట్లో, మీ బంధువుల్లో ఆమె గురించి ఒక్క చెడ్డ మాట పుట్టనివ్వకండి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా ఆపిన వాక్యం దగ్గరకు వస్తాను. ‘నువ్వు చేయలేదు కదా?’ అని అడిగారు. అమ్మా, ఆ ‘కదా’లోనే జవాబు ఉంది. అన్నం తిన్నావు కదా, ఫీజు కట్టావు కదా అని అడిగితే పిల్లలు ఏమంటారు? అవునంటారు. మీకు ఏ జవాబు కావాలో ముందే చూపించి, దాన్నే వాడి నోట పలికించుకున్నారు. ఆ తర్వాత నిజం వేరేదైనా వాడు మీ ముందు నోరు విప్పలేడు, ఎందుకంటే అప్పుడు నేరంతో పాటు మీకు చెప్పిన అబద్ధం కూడా ఒప్పుకోవాలి. నా దగ్గరకు వచ్చిన చాలా ఇళ్లలో తల్లిదండ్రులు ప్రేమతోనే ఈ తలుపు మూసేశారు.

అయినా మీకు రెండు జవాబులు వచ్చాయి. ఆమె ఇష్టపడిందని ఒకసారి, గుర్తులేదని మరోసారి. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవు. గుర్తులేనివాడికి ఆమె ఇష్టపడిన సంగతి ఎలా తెలుసు? మీకు నిద్ర పట్టనిది ఇందుకేనని నా అనుమానం. తాగి ఉన్నానన్నది కూడా రక్షణ కాదు. తనంతట తాను తాగినవాడికి చట్టం ఆ సాకు ఇవ్వదు. ఇక ఆమె తాగి, ఏం జరుగుతోందో గ్రహించే స్థితిలో లేకపోతే, అప్పుడు ఆమె సరేనన్నా అది సమ్మతి కాదు.

‘అరిచి ఉంటే వినిపించేది కదా’ అన్నారు. మళ్లీ అదే ‘కదా’. ఈ వాదన మీరు కొత్తగా కనిపెట్టింది కాదు. 1972లో మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ బాలికపై పోలీసు స్టేషన్లోనే అత్యాచారం జరిగిందన్న కేసులో, ఒంటిమీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు అంటూ సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను విడిచిపెట్టింది. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అంటూ నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా కదిలింది, 1983లో చట్టం మారింది. నిర్భయ ఘటన తర్వాత 2013లో ఇంకా స్పష్టంగా రాశారు: ఎదురు తిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకోవడానికి వీల్లేదు. భయంతో గొంతు పెగలక, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన ఆడవాళ్లను నేను ఎందరినో చూశాను. మీకూ ఎప్పుడో ఒకసారి, రద్దీ బస్సులోనైనా, అలా అయ్యే ఉంటుంది. అప్పుడు మీరు అరిచారా?

ఇదంతా చదివి నేను మీవాణ్ణి దోషిగా తేల్చేశానని అనుకోకండి. తప్పుడు కేసులు అసలే ఉండవని ఎవరైనా అంటే నేను నమ్మను. నేరం రుజువయ్యేదాకా వాడు నిందితుడే, దోషి కాదు. మంచి లాయరును పెట్టుకోవడం తప్పు చేసినట్టు ఒప్పుకోవడం కాదు, ఆ అమ్మాయికి ద్రోహమూ కాదు. నేను చెప్పేది వాడు చేసినా చేయకపోయినా ఒకేలా పనికొచ్చే నడవడి. చేయని పక్షంలో చెరపని ఫోను, నడవని రాయబారం వాడికే బలం. చేసిన పక్షంలో, మీ ఇల్లంతా ఆ నేరంలో భాగస్తులు కాకుండా మిగులుతారు.

కాబట్టి మరోసారి కూర్చోబెట్టుకోండి, ఈసారి ప్రశ్న వేయకండి. ‘ఏం జరిగినా నేను నీ అమ్మనే. నీ కోసం లాయరు దగ్గరకు వస్తాను, కోర్టుకు వస్తాను, జైలుకు ములాఖత్‌కు వస్తాను. అబద్ధం మాత్రం చెప్పను. లాయరు దగ్గర ఏదీ దాచకు’ అనండి. ఆ రాత్రి వివరాలు మీరు తవ్వి తీయకండి. దీనికి కారణం ఉంది. లాయరుకు చెప్పిన మాటకు చట్టం రక్షణ ఇస్తుంది, తల్లికి చెప్పిన మాటకు ఇవ్వదు. రేపు మిమ్మల్నే సాక్షిగా పిలవవచ్చు. వాడంతట వాడు చెప్పబోతే నోరు మూయకండి, చెప్పకూడని మాట నేర్పకండి.

కాలేజీ కమిటీ సంగతి వేరు. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ఆ విచారణ తొంభై రోజుల్లో ముగియాలి. అక్కడ వాడి మాటా వింటారు. పిలిస్తే వెళ్లాలి, లాయరును అడిగి వెళ్లాలి. పోలీసు దర్యాప్తుకు రెండు నెలల గడువు ఉంది. ఆ తర్వాత కోర్టులో విచారణ చట్టం అనుకున్నంత త్వరగా సాగడం నేను తక్కువగా చూశాను. ఏళ్లకు సిద్ధపడండి. అన్నేళ్లు ఇంట్లో కుమిలిపోయే కుర్రాడి మీద ఒక కన్ను వేసి ఉంచండి. జైలు నుంచి వచ్చినవాడు అన్నం మానేసినా, రాత్రిళ్లు డాబా మీదే గడుపుతున్నా, చావు మాట ఎత్తినా తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. మీకు నిద్ర పట్టనప్పుడు మీరూ చేయవచ్చు.

ఇక మీ అమ్మాయి. ఉత్తరంలో ఆమెకు ఒక్క వాక్యమే ఇచ్చారు. ఆ ఇంట్లో ప్రస్తుతం అందరికంటే ఒంటరిది ఆమేనేమో. ‘అన్నయ్య కదా, మాట్లాడవే’ అని బతిమాలకండి. ఆమె వయసుకు నాలుగేళ్లు కలిపితే ఆ ఫిర్యాదు చేసిన పిల్ల. ఆమె వింటోంది. పెదనాన్న పెళ్లి చేసేద్దామన్నది, పిన్ని ఫోటో పెట్టింది, మీరు ‘ఎందుకు అరవలేదు’ అన్నది, అన్నీ వింటోంది. రేపు తనకేదైనా జరిగితే ఈ ఇంట్లో చెప్పవచ్చో లేదో ఆ మాటలను బట్టే తేల్చుకుంటుంది. ఆమె గదిలోకి వెళ్లండి. అన్న తరఫున మాట్లాడడానికి కాదు. ‘నువ్వేమనుకుంటున్నావు?’ అని అడిగి, చెప్పేదాకా ఆగండి. కోపంగా చెబితే కోపంగానే చెప్పనివ్వండి. ఇష్టం లేకపోతే కొన్నాళ్లు వేరే వేళకు తింటుంది, దానికేం.

చివర అడిగారు, పెళ్లికి తీసుకెళ్లాలా అని. వాణ్ణే అడగండి. రానంటే బలవంతం వద్దు. ఒంటరిగా మాత్రం వదలకండి, మీవారు తోడుగా ఉండిపోతారు. మీరు వెళ్లండి, మేనకోడలి పెళ్లి. పందిట్లో ఎవరో ఒకరు మీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి, ‘ఇంతకీ ఆ పిల్ల ఎలాంటిదట?’ అంటారు. ‘నాకు తెలిసినంతలో మంచి పిల్ల. కేసు కోర్టులో ఉంది వదినా, ఇంకేమీ మాట్లాడను’ అని చెప్పి, లేచి అక్షింతలు తీసుకోండి.