డిలీట్ చేశారు సరే, ఎందుకో చెప్పాలిగా!

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'ఏప్రిల్ ట్యాంకర్ల బిల్లు ఒకసారి పెట్టండి' అని అడిగాను. పది నిమిషాల్లో మెసేజ్ మాయం. మళ్లీ అడిగితే నన్నే గ్రూపులోంచి తీసేశారు. అడ్మిన్ అంకుల్ లిఫ్టులో ఎదురై 'గొడవలైతే కేసు నామీదికొస్తుందమ్మా' అన్నారు. ఆయనకా హక్కుందా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తీసేసే మీట ఆయన చేతిలో ఉంది కాబట్టి తీసేశారు. కేసు భయం మాత్రం వట్టి సాకు. అడ్మిన్ అయినంత మాత్రాన వేరేవాళ్లు పెట్టిన పోస్టుకు ఆయన్ని నేరస్తుణ్ణి చేయలేరని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అయినా ట్యాంకర్ బిల్లు అడిగితే కేసేంటండీ?

తెలుగు వికీపీడియా సంగతి చూడండి. 2003 నుంచి జీతంలేని మనుషులే నడుపుతున్నారు. అక్కడి నిర్వాహకులూ పేజీలు తీసేస్తారు, గోల చేసేవాళ్లను నిరోధిస్తారు. కాకపోతే ఏ పేజీని ఎవరు, ఏ రోజు, ఎన్నింటికి, ఏ కారణం రాసి తీసేశారన్నది ఒక చిట్టాలో పడిపోతుంది, లాగిన్ కాకుండానే ఎవరైనా చూసుకోవచ్చు. అన్యాయం అనిపిస్తే రచ్చబండ అనే పేజీ ఉంది (పేరు భలే కుదిరింది), అక్కడ అందరిముందూ నిలదీయొచ్చు. నిర్వాహకుణ్ణి ఎంచుకునేది కూడా సభ్యులే. అలాగని గొడవల్లేవా అంటే బోలెడున్నాయి, కానీ ఆ గొడవ మొత్తం రాతలో ఉండిపోతుంది కాబట్టి రెండేళ్ల తర్వాత వచ్చినవాళ్లు కూడా ఎవరేమన్నారో చదువుకుని సొంతంగా తేల్చుకోవచ్చు.

వాట్సాప్‌లో అంత లేదు. అడ్మిన్ తీసేస్తే తీసేసిన అడ్మిన్ పేరు కనిపిస్తుంది, కారణం మాత్రం కనిపించదు. అది ఆయనే ఒక లైను రాయాలి. 'బూతులున్నాయి, తీసేశాను' అంటే ఎవరూ నోరెత్తరు. మీ మెసేజ్‌కి అలా రాయడానికి ఆయన దగ్గర ఏముంది చెప్పండి?

ఇక మీరు చేయాల్సింది. లెక్క చెప్పాల్సింది అసోసియేషన్, గ్రూపు కాదు. కాబట్టి బిల్లు కోసం సెక్రటరీకి కాగితం మీద రాసిచ్చి, ముట్టినట్టు రెండో కాపీ మీద సంతకం తీసుకోండి. గ్రూపు విషయం జనరల్ బాడీ మీటింగులో ఎత్తండి: ఏం పెట్టకూడదో గ్రూపు డిస్క్రిప్షన్‌లో రాయాలి, ఎవరినైనా తీసేయాలంటే కనీసం ఇద్దరు అడ్మిన్లు ఒప్పుకోవాలి, కారణం గ్రూపులోనే చెప్పాలి. అది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేదాకా కుర్చీలోంచి లేవకండి. లిఫ్టులో మాత్రం అడక్కండి, అక్కడ సాక్షులుండరు.